పాత ఆల్కో డీజిల్ ఇంజన్‌తో నర్సాపురం లైన్లో ఒక ట్రిప్పు వేయించుకోవడం కుదురుద్దా?

పాలకొల్లు కుర్రోడు:
అందరికీ నమస్కారం అండి. మా బావ ఇంగ్లండులో ఉంటాడు, మొన్న ఒక వీడియో పెట్టాడు, డెల్టిక్ అని పాత డీజిల్ ఇంజను, 1961-62లో చేసినవంట, 1982 జనవరికల్లా అన్నీ సర్వీసులోంచి తీసేశారంట, అలాంటిదానికి ఇప్పుడు పాత పెట్టెలు తగిలించి నడుపుతుంటే జనం టిక్కెట్టు కొని మరీ ఎక్కుతున్నారు. పనేం లేదు, పొద్దున్న ఎక్కిన ఊళ్ళోనే రాత్రికి దిగుతారు. నేను ఎండాకాలం అక్కడికి వెళ్తున్నా, బావేమో నీక్కూడా టిక్కెట్టు తియ్యనా, వంద పౌండ్లు దాటుద్ది అంటున్నాడు. మా ఆవిడ రైలెక్కి తిరిగి రావడానికి వంద పౌండ్లా అని ఎటకారం.

నా బాధ వేరే అండి. మా ఇల్లు స్టేషనుకి అవతల కొబ్బరి తోట పక్కనే, చిన్నప్పుడు సాయంత్రం హైదరాబాద్ బండి కదిలేటప్పుడు ఆల్కో ఇంజను, అదే అమెరికా కంపెనీ డిజైను డీజిల్ ఇంజను, గుడగుడమంటూ నల్లపొగ వదిలేది, మేం అన్నం తింటూ ఆ సౌండ్ వీరవాసరం వైపు పోయేదాకా వినేవాళ్ళం. ఇప్పుడు లైనంతా కరెంటే, బండి ఎప్పుడొచ్చిందో ఎప్పుడెళ్ళిందో కూడా తెలీట్లా. మనలాంటోళ్ళం ఓ యాభై మంది కలిస్తే నిడదవోలు నుంచి నర్సాపురం దాకా పాత ఇంజను, నీలం పెట్టెలతో ఒక్క ట్రిప్పు వేయించుకోవచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

షెడ్డు తాతయ్య:
తమ్ముడూ, నేను డీజిల్ షెడ్డులో చేసి రిటైరయ్యాను, ఏ షెడ్డో అడక్కు. నువ్వు విన్నది డబ్ల్యూడీఎమ్-2 అయ్యుంటది, లేదా దాని తమ్ముడు 3ఏ. 2 అంటే 2600 హార్స్ పవర్, 16 సిలిండర్లు, 1962లో అమెరికా నుంచి వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో మనమే చేసుకున్నాం. ఆ పొగ సంగతి చెప్తా విను, చాలామంది ఇంజను చెడిపోయిందనుకుంటారు. డ్రైవరు నాచ్ ఎత్తగానే, అంటే పవర్ ఒక మెట్టు పెంచగానే, గవర్నర్ అనే పరికరం డీజిల్ ఎక్కువ పోస్తది, కానీ గాలి తోసే టర్బో ఆ ఇంజను పొగతోనే తిరగాలి కదా, అది స్పీడందుకోవడానికి కొన్ని సెకన్లు పడుద్ది, ఈలోపు గాలి చాలక డీజిల్ సగం కాలి నల్లగా బయటికొస్తది. టర్బో అందుకున్నాక పొగ పల్చబడుద్ది, ఈల లాంటి సౌండ్ మొదలవుద్ది. నువ్వు అన్నం తింటూ విన్నది అదే.

ఇంకోటి, ఆ ఇంజనుకి క్యాబ్, అంటే డ్రైవరు గది, ఒక చివరే ఉంటది. నర్సాపురంలో లైను అయిపోద్ది, ఇంజను ఈ చివర్నుంచి ఆ చివరికి మార్చి తగిలించాలి, తిప్పడానికి వీలు లేకపోతే క్యాబ్‌కి ఎదరున్న పొడుగు ముక్కు ముందుకి పెట్టుకుని నడపాల్సిందే. అప్పుడు డ్రైవరుకి ఎదరున్న పట్టా ఒక పక్కే కనపడుద్ది, అవతలి పక్క సిగ్నలూ గేదెలూ అసిస్టెంటు చూసి అరిచి చెప్పాలి. మీకు ముచ్చట, వాళ్ళకి మెడనొప్పి.

బర్మింగ్‌హామ్ కోనసీమోడు:
ఆయ్, బావ చెప్పింది నిజమేనండి. నేను క్లాస్ 50 అనే ఇంజను లాగిన ట్రిప్పుకెళ్ళాను, అవి మొత్తం 50 చేశారు, 2700 హార్స్ పవర్, ఒక్కోదానికి ఒక్కో యుద్ధనౌక పేరు, గాలి ఫిల్టర్ సౌండ్ వల్ల హూవర్ అని ముద్దుపేరు, అంటే ఇల్లు ఊడ్చే వ్యాక్యూమ్ క్లీనర్ అన్నమాట. పెట్టెలు మార్క్ వన్ అని 1951లో మొదలెట్టిన డిజైను, మెత్తటి సీట్లు, టేబుల్ మీద టీ, మన పెట్టెలకుండే కిటికీ చువ్వలు ఉండవు. ఇక్కడ గొప్పేంటంటే ఆ ఇంజన్లు చాలావరకు అభిమానులు చందాలేసుకుని కొని, వారాంతాల్లో గ్రీజు పూసుకుని బాగుచేసుకున్నవి. ఊరికే నడపనివ్వరు కూడా, మెయిన్ లైన్ ఎక్కాలంటే కొత్త ఇంజన్లకుండే రేడియో, సిగ్నల్ దాటితే బ్రేకేసే పరికరం, రికార్డరు అన్నీ బిగించాలి, వంద పౌండ్లలో అవన్నీ ఉన్నాయి. మా పెట్టెలో ఒక పెద్దాయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు, నిద్రపోతున్నాడేమో అనుకున్నా, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను ఫుల్లుగా లాగుతుంటే నవ్వాడు. వెళ్ళండి. ఇంజను వెనకాలే ఉన్న పెట్టె అడగండి, ఫస్ట్ క్లాస్ కాదు.

భీమారం బాబాయ్:
అందరూ మురిసిపోతున్నారు గానీ అడిగినదానికి ఎవరూ చెప్పట్లేదు. బండి మొత్తం బుక్ చేసుకోవచ్చు, ఐఆర్‌సీటీసీలో ఎఫ్‌టీఆర్, అంటే ఫుల్ టారిఫ్ రేటు, అంటారు, పెళ్ళిళ్ళకీ తీర్థయాత్రలకీ చేసుకుంటారు. కాకపోతే పెట్టెకి 50,000 డిపాజిట్, నీకు అయిదు పెట్టెలు చాలన్నా 18 పెట్టెల లెక్కే, అంటే 9 లక్షలు ముందు కట్టి ఆ తర్వాత మాట్లాడాలి. పోనీ కట్టావనుకో, ఏ ఇంజను తగిలించాలో నువ్వు చెప్పలేవు, కరెంటు లైన్లో కరెంటు ఇంజనే వస్తది. అప్పుడు నీ 9 లక్షలకి చప్పుడు లేని బండెక్కి మా రొయ్యల చెరువులు చూసుకుంటూ వెళ్తావు, ఆ పని పాసింజర్లో టికెట్టుతో ఇప్పుడే చేసుకోవచ్చు.

నిజంగా అలాంటిది పెట్టాలంటే నర్సాపురం లైను కాదు, కాకినాడ–కోటిపల్లి లైను. 45 కిలోమీటర్లు, 1928లో వేసి యుద్ధం టైములో పట్టాలు పీకి పట్టుకుపోయారు, 2004లో మళ్ళీ వేసి రైలు బస్సు, అంటే పట్టాల మీద నడిచే బస్సులాంటి చిన్న బండి, తిప్పారు. బళ్ళు తక్కువ కాబట్టి ఎవరికీ అడ్డం కాదు, దారిలో ద్రాక్షారామం దర్శనం, చివర గోదారి. కానీ ఎవడు పెడతాడు.

పాలకొల్లు కుర్రోడు:
9 లక్షలు చూసి మా ఆవిడ ఫోను లాక్కుంది బాబాయ్, వంద పౌండ్లే నయం, టిక్కెట్టు తీసేయమంది 😄 తాతయ్య గారూ, మరి డెల్టిక్ కూడా మన ఆల్కోలాగే ఉంటదా సౌండు?

షెడ్డు తాతయ్య:
ఉండదు. ఆల్కో ఫోర్ స్ట్రోకు, ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజను తిరుగుతున్నప్పుడు, ఒక్కో దెబ్బా లెక్కపెట్టేలాగ వినిపిస్తది. డెల్టిక్ టూ స్ట్రోకు, వాళ్ళ నేవీ పడవల కోసం చేసిన ఇంజను, సిలిండర్లు ముక్కోణంగా అమర్చి ఒక్కోదాంట్లో 18, అలాంటివి రెండు, మొత్తం 3300 హార్స్ పవరు. నేను పుస్తకంలో బొమ్మ చూశానంతే, చెవితో వినలేదు. కదిలేటప్పుడు నీ ఫోన్లో రికార్డు చేసి ఇక్కడ పెట్టు. వీడియో అక్కర్లా, మధ్యలో మాట్లాడకు.