‘ఆరాధన అయిపోయింది, ఇక వాక్యం’ అనడం సరైనదేనా?

గాయకుడు:
అందరికీ వందనాలు. మా సంఘంలో పాటలు నడిపించేది నేనే. గత ఆదివారం చివరి పాట ముగియగానే సంఘ పెద్ద మైకు అందుకుని, ఎప్పటిలాగే, “ఆరాధన అయిపోయింది, ఇక వాక్యం విందాం” అన్నారు. ఎన్నో ఏళ్లుగా వింటున్న మాటే. ఆ రోజు మాత్రం గుచ్చుకుంది.

కారణం దాచను. మూడు వారాల క్రితం ఉద్యోగంలో ఒక లెక్క తప్పింది. తప్పు నాది. నింద నా కింద పనిచేసే కుర్రవాడి మీద పడింది. నేను నోరు మెదపలేదు. అబద్ధమాడలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను కానీ, నిజం చెప్పనూ లేదు. ఆ తరువాత వచ్చిన ప్రతి ఆదివారం కళ్లు మూసుకుని పాడాను. మొన్న బయటికి వస్తుంటే ఒక పెద్దావిడ నా చేయి పట్టుకుని, “ఈ రోజు ఆరాధనలో దేవుని సన్నిధి తెలిసింది బాబూ” అన్నారు. ఆమెకు నిజంగానే తెలిసి ఉండవచ్చు. నాకు నా గొంతు తప్ప ఏమీ వినబడలేదు.

పాటలతో ఆరాధన అయిపోతుందా? లేక నా విషయంలో అసలు మొదలే కాలేదా?

వెనుక బెంచీ:
మొదలు కాలేదు. ఇందులో చర్చించడానికి ఏముంది? ఆమోసు 5వ అధ్యాయం తీయండి. మీ పాటల ధ్వని నాకు వద్దు, న్యాయం నీళ్లలా పారనివ్వండి అని దేవుడే అంటున్నాడు. ఆరాధించవలసిన చోటు ఏదన్న మాట ఎత్తిన సమరయ స్త్రీతో యేసు ఏమన్నాడు? ఈ కొండ మీదా కాదు, యెరూషలేములోనూ కాదు, ఆత్మతోను సత్యముతోను అన్నాడు. నేనైతే పాటలు అయ్యాకే లోపలికి వస్తాను. నా ఆరాధన సోమవారం నుంచి శనివారం వరకు జరుగుతుంది.

తెల్లజుట్టు:
సహోదరా, మీరు ఆమోసును సగమే చదివారు. ఆ ప్రవక్త పాటలను తిట్టలేదు. పేదవాణ్ణి తొక్కి, అతని ధాన్యంలో వాటా గుంజి, ఆ చేతులతోనే పండుగ చేసేవారిని తిట్టాడు. ఆ చేతులు మారాలన్నాడు గానీ గొంతు మూయమనలేదు. ఇక సోమవారం నుంచి శనివారం వరకు అన్నారు. వారమంతా ఆరాధనే అంటూ వచ్చి, చివరకు ఏ రోజూ మోకరించని వారిని నా వయసులో చాలామందినే చూశాను. మీరు అలాంటివారని అనడం లేదు.

వెనుక బెంచీ:
అననక్కర లేదు, అర్థమైంది.

గ్రీకు బడి:
గొడవలో సగం మాటల దగ్గరే ఉంది కాబట్టి కొంచెం విసిగిస్తాను. కొత్త నిబంధనలో ‘ఆరాధన’కు ముఖ్యంగా రెండు గ్రీకు మాటలున్నాయి. ఒకటి ‘ప్రొస్కునేయో’, అంటే సాగిలపడటం. సమరయ స్త్రీతో మాట్లాడిన చోట ఉన్నది ఇదే. వెనుక బెంచీ గారూ, అక్కడ యేసు “మీరు ఆరాధించే కాలం వస్తుంది” అంటున్నది ఒక్క స్త్రీతోనే అయినా, గ్రీకులో ఆ ‘మీరు’ బహువచనం. తెలుగులో అది మర్యాద కోసం అన్నట్టు వినబడి జారిపోతుంది. స్థలం మారింది గానీ గుంపు మాయం కాలేదు.

రెండోది ‘లత్రేయ’. రోమా 9:4లో ఇశ్రాయేలీయుల ఆలయ సంప్రదాయం గురించి పౌలు ఈ మాట వాడితే మన పాత అనువాదం ‘అర్చనాచారాదులు’ అంది. మూడు అధ్యాయాల తరువాత, రోమా 12:1లో, మీ శరీరాలను సజీవయాగంగా సమర్పించుకోండి అంటూ పౌలు అదే మాట వాడాడు. అక్కడ మన అనువాదం “ఇట్టి సేవ మీకు యుక్తమైనది” అంది. అనువాదకులను తప్పుపట్టను, రెండూ సరైన అర్థాలే. కానీ ఒకచోట అర్చన, మరోచోట సేవ అనేసరికి, బలిపీఠం దగ్గరి మాటను పౌలు మన ఒంటి మీదికి తెచ్చాడన్న సంగతి తెలుగు పాఠకుడి కంట పడదు.

రాత్రి డ్యూటీ:
మీరంతా చదువుకున్నవారు. నేను ఒక్క మాట అంటాను. “పనే ఆరాధన” అన్న మాట నేను ప్రసంగంలో కంటే మా యజమాని నోట ఎక్కువసార్లు విన్నాను, అదీ ఆదివారం కూడా రమ్మన్నప్పుడు. నిర్గమకాండం 5వ అధ్యాయంలో, ఇశ్రాయేలీయులను వెట్టికి పెట్టుకున్న ఐగుప్తు రాజు ఫరో మాటలు చూడండి. అరణ్యానికి వెళ్లి దేవునికి బలి అర్పిస్తామని వాళ్లు అడిగితే, మీరు సోమరులు కాబట్టే సెలవు అడుగుతున్నారు అన్నాడు. ఇటుకల మట్టిలో కలిపే గడ్డి ఇవ్వడం మానేసి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదన్నాడు. పనే ఆరాధన అంటే ఫరోకు కూడా అభ్యంతరం ఉండదు.

గ్రీకు బడి:
రాత్రి డ్యూటీ గారూ, చదువు మాట పక్కన పెట్టండి, మీరు పట్టుకున్నది నాకు తట్టలేదు. హెబ్రీలో ఫరోకు చేసిన వెట్టికీ, దేవునికి చేసే సేవకూ ధాతువు ఒకటే, ‘అబద్’. ఆ పుస్తకమంతా ఎవరికి ఆ సేవ అన్న తగాదానే.

చంటిబిడ్డ తల్లి:
రెండేళ్లుగా నేను కూడిక జరిగేటప్పుడు పక్క గదిలో బిడ్డతో ఉంటున్నాను. తలుపు సందులోంచి పాట సగం వినబడుతుంది. బాధపడితే ప్రతి ఒక్కరూ నాకు ఆ 17వ శతాబ్దపు సహోదరుడు లారెన్సు కథే చెబుతారు. పారిస్ మఠంలో వంట చేస్తూనే దేవుని సన్నిధిలో ఉన్నాడట. మంచి మాటే. కానీ ఆయన ఉన్నది మఠంలో. చుట్టూ ప్రార్థించేవారు, ప్రార్థనకు వేళలు. నా వంటగదిలో అవి లేవు. నేను బిడ్డను చూసుకోవడమూ ఆరాధనే అని నమ్ముతున్నాను. అయినా పదిమందితో కలిసి పాడటం లేనిలోటు అలాగే ఉంది. దాన్ని వద్దనుకుని బయట నిలబడగలిగేవారిని చూస్తే, నిజం చెప్పాలంటే, కొంచెం అసూయగా ఉంటుంది.

వెనుక బెంచీ:
సహోదరీ, ఆ వైపు నుంచి ఆలోచించలేదు.

తెల్లజుట్టు:
పాత సంగతి ఒకటి. సుమారు 112లో బితూనియ ప్రాంతాన్ని పాలిస్తున్న ప్లినీ అనే రోమా అధికారి చక్రవర్తి త్రాజానుకు ఉత్తరం రాశాడు. ఆయన క్రైస్తవుడు కాడు, వారిని విచారించి శిక్షించినవాడు. విచారణలో తేలినది రాశాడు: వీళ్లు ఒక నిర్ణీత దినాన తెల్లవారకముందే కూడుకుని, క్రీస్తును దేవుడిగా ఎంచి పాట పాడతారు. తరువాత ప్రమాణం చేస్తారు. దొంగతనం, దోపిడీ, వ్యభిచారం చేయబోమని, మాట తప్పబోమని, నమ్మి అప్పగించిన సొమ్మును అడిగినప్పుడు ఎగ్గొట్టబోమని. పాట, దాని వెంటే అప్పగించిన సొమ్ము సంగతి! మధ్యలో “ఆరాధన అయిపోయింది” అని ఎవరూ అన్నట్టు లేదు.

గాయకుడు గారూ, ఇప్పుడు మీ విషయం. ఇంతసేపూ అందరం మీ ప్రశ్న పట్టుకుని మిమ్మల్ని వదిలేశాం. మత్తయి 5:23, 24 మీకు తెలియనిది కాదు. బలిపీఠం దగ్గర అర్పణ వదిలి, వెళ్లి, సహోదరునితో సమాధానపడమన్నాడు యేసు. ఆ మాట చెప్పింది గలిలయలో. బలిపీఠం యెరూషలేములో ఉంది, కాలినడకన దాదాపు మూడు రోజుల దారి. అర్పణ అక్కడ వదిలి ఊరికి వెళ్లి తిరిగి రావడమంటే వారం పని. ఆ వారం నడక ఆరాధనలో భాగమా కాదా అని నన్నడిగితే, భాగమనే అంటాను. అయితే ఆయన “తరువాత వచ్చి అర్పించు” అని కూడా అన్నాడు. పాట మానేయమని మీకు ఎవరైనా చెబితే వినకండి. ముందు వెళ్లి రండి.

గాయకుడు:
నాలుగు రోజులుగా ఇక్కడ రాసినవన్నీ చదువుతున్నాను. నిన్న ఆ కుర్రవాడితో మాట్లాడాను. క్షమించమన్నాను. అతను కోప్పడితే బాగుండేది. “నాకు చెబితే ఏం లాభం సార్, పైవాళ్లకు చెప్పండి” అన్నాడు. సరైన మాటే. నేను సగం దారిలో ఆగి, వచ్చేశాననుకున్నాను. రేపు ఉదయం పైఅధికారిని కలుస్తానని సమయం అడిగాను. ఉద్యోగం ఏమవుతుందో తెలియదు.

ఈ ఆదివారం ముందు నిలబడనని మా సంఘ పెద్దకు ఫోను చేసి చెప్పాను. వెనుక కూర్చుని అందరితో కలిసి పాడతానన్నాను. “గొంతు బాగాలేదా?” అని అడిగారు. బాగానే ఉందని చెప్పాను.