మా తమ్ముడి యాప్‌లో 43 తప్పులు రాసి పంపాను, పది రోజులుగా మాట్లాడటం లేదు. ఎలా చెప్పాల్సింది?

ప్రశ్న (భీమవరం, టెస్టింగ్ ఉద్యోగం)

నమస్కారమండీ. నేను పదకొండేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. మూడేళ్ళ నుంచి భీమవరంలో ఇంటి దగ్గరే పని. మా పిన్ని కొడుకు ఇంజనీరింగ్ అయ్యాక ఉద్యోగానికి వెళ్ళకుండా, స్నేహితుడితో కలిసి రొయ్యల చెరువులకి ఒక యాప్ తయారు చేస్తున్నాడు. ఏ పూట ఎంత మేత వేశారు, చెక్ ట్రేలో (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడటానికి నీళ్ళలో దించే పళ్ళెం) ఎంత మిగిలింది, నీళ్ళలో ఆక్సిజన్ ఎంత ఉంది, వల వేస్తే ఏం సైజు వచ్చింది, ఇవన్నీ ఎక్కిస్తే రేపు ఎంత మేత వేయాలో అది చెబుతుంది. చెరువు ఖర్చులో సగం పైన మేతకే పోతుంది కాబట్టి ఆలోచన నాకు నచ్చింది.

"అక్కా, మొహమాటం లేకుండా చూసి చెప్పు" అన్నాడు. ఆఫీసులో చేసినట్టే చేశాను. రెండు రాత్రులు కూర్చుని ఎక్సెల్‌లో 43 తప్పులు రాశాను, ప్రతిదానికీ స్క్రీన్‌షాట్ పెట్టాను. తేదీ ఇవ్వకపోయినా సేవ్ అవుతోంది, వెనక్కి వస్తే రాసిందంతా పోతోంది, ఒక పేజీలో అక్షరాలు బటన్ కిందకి వెళ్ళిపోతున్నాయి, ఇలాంటివి. ఒక్కటీ కల్పించింది కాదు. "చూశాను అక్కా, థాంక్స్" అని మెసేజ్ వచ్చింది. అంతే, ఆ తర్వాత మాట లేదు. మొన్న పిన్ని ఫోన్ చేసి, "వాడు ల్యాప్‌టాప్ మూత తెరవడం లేదే, ఏమన్నావే వాణ్ణి?" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కనిపించిన తప్పు చెప్పకుండా ఎలా ఉండాలి? మెత్తగా చెప్పడమంటే సగం దాచడమేనా? ఇలాంటివి చూసినవాళ్ళు చెప్పండి.

జవాబు 1 (రాజమండ్రి)

ముందు బాగున్నవి రెండు చెప్పండి, తర్వాత తప్పులు, చివర్లో మళ్ళీ ఒక మంచి మాట. మా ఆఫీసులో అలాగే చెప్పమంటారు.

జవాబు 2 (కాళ్ళ మండలం, రొయ్యల రైతు)

పై ఆయన మాట నాకు సరిపడలేదండీ. మా దగ్గర మంచి మాటలకి కొరత లేదు. కొరతంతా నిజానికే.

నాకు రెండు చెరువులు, మొత్తం ఆరెకరాలు. ఇలాంటి యాప్‌లు పట్టుకుని ముగ్గురు కుర్రాళ్ళు వేర్వేరుగా మా గట్టు మీదకి వచ్చారు. ముగ్గురికీ "ఆయ్, చాలా బాగుందండీ" అన్నాను, మజ్జిగ ఇచ్చి పంపాను. ఒక్కటి కూడా వాడలేదు. ఎండన పడి వచ్చిన పిల్లాణ్ణి నొప్పించడం ఎందుకనుకున్నాను. ఆ మాట నమ్మి వాళ్ళు ఇంకో ఆరు నెలలు ఖర్చుపెట్టుకుని ఉంటారని మీ పోస్టు చదివాక తోచింది. నాది తప్పే.

అందుకని మీ తమ్ముడికి చెప్పాల్సింది ఇక్కడ చెబుతాను. చెరువు లెక్క రాసేది నేను కాదు. చెరువు మీద ఉండే కుర్రాడు రాస్తాడు. రోజుకి నాలుగు పూటలు మేత వేస్తాడు, చేతులు తడిగా ఉంటాయి, మేత పొడి అంటుకుని ఉంటుంది. షెడ్డు గోడ మీద సుద్దముక్కతో రాసేస్తాడు. సాయంత్రం నేను వెళ్ళి అది పుస్తకంలోకి ఎక్కించుకుంటాను. మీ తమ్ముడి యాప్ ఎవరి చేతిలో ఉండాలి, నా చేతిలోనా, అతని చేతిలోనా? అది తేలాకే మిగతావి.

ఇంకోటి. మాకు అసలు భయం తెల్లవారుజామున. పగలు నీళ్ళలో పచ్చదనం ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి ఎండ ఉండదు కాబట్టి అదే ఆక్సిజన్ తీసుకుంటుంది. మూడు గంటల నుంచి పొద్దు పొడిచేదాకా అన్నిటికంటే తక్కువ. 4 పీపీఎం (అంటే లీటరు నీళ్ళలో 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్) దాటి ఉంటే ప్రాణం కుదురుగా ఉంటుంది, 3 కిందకి జారితే టెన్షన్. అప్పుడే కరెంటు పోయి ఏరేటర్లు, అంటే నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు, ఆగాయంటే జనరేటర్ దగ్గరికి పరుగెత్తాలి. ఆ సమయంలో యాప్ తెరిచి అంకె ఎక్కించే మనిషి ఎవరూ ఉండరు. ఫోన్ మోగి నన్ను లేపితే మాత్రం డబ్బులిచ్చి కొంటాను.

మాట కూడా మనదిగా ఉండాలి. నాకు చూపించిన ఒక యాప్‌లో రొయ్య బరువు 20 గ్రాములు అని వచ్చింది. మేం గ్రాముల్లో మాట్లాడం. కిలోకి ఎన్ని తూగితే అది కౌంట్. 20 గ్రాములంటే 50 కౌంట్, కొనేవాడు రేటు చెప్పేది దాని మీదే. చెరువు విస్తీర్ణం హెక్టార్లలో అడిగింది, నాకు ఎకరాలే తెలుసు.

మీరు రాసిన వాటిలో "వెనక్కి వస్తే రాసింది పోతోంది" అన్నది మీ జాబితాలో ఎన్నోదో గాని, మాకు అదే మొదటిది. ఒక్కసారి అలా పోయిందంటే మా కుర్రాడు మళ్ళీ గోడ దగ్గరికే వెళ్తాడు.

జవాబు 3 (అమలాపురం)

రైతుగారు చెప్పిన "చాలా బాగుందండీ" మా కంపెనీని ముంచింది. కొబ్బరి దింపుకి మనుషుల్ని బుక్ చేసుకునే యాప్ మేం ఇద్దరం చేశాం. తోటలకి వెళ్ళి అరవై మందికి పైగా చూపించాం. ఒక్కరూ బాగాలేదు అనలేదు. మేం ఆ అరవై పేర్లూ పుస్తకంలో రాసుకుని కస్టమర్లు అనుకున్నాం.

ఎనిమిదో నెలలో అంబాజీపేట దగ్గర ఒక రిటైరైన మాస్టారు, కళ్ళజోడు సర్దుకుని చివరిదాకా చూసి అడిగారు: "బాబూ, నా తోటలో దింపుకి మనుషుల్ని నేను పిలవను. కాయ కొనే వ్యాపారే తెచ్చుకుంటాడు. మరి దీన్ని నేను ఎప్పుడు తెరవాలి?" మా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి ఆ అరవై మందిలో ఇరవై మందికి ఫోన్ చేసి, పోయినసారి దింపు ఎవరు తీయించారు అని అడిగాం. పద్నాలుగు మంది వ్యాపారే అన్నారు. ఈ ప్రశ్న మొదటి వారంలో అడిగి ఉంటే రైతుకి బదులు వ్యాపారికి చేసేవాళ్ళం.

మాస్టారు మా పని బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఆయన రోజు ఎలా గడుస్తుందో చెప్పి, అందులో మా యాప్‌కి చోటెక్కడ అని అడిగారు. అక్కగారూ, మీ 43 నిజాలే, కానీ వాటికి వేళ ఇంకా రాలేదు. పునాది ఎక్కడ తవ్వాలో తేలని ఇంటికి మీరు కిటికీ రంగు గురించి రాశారు. కుర్రాడికి అదంతా ఒకే బరువుగా కనిపించి ఉంటుంది, ఏది ముందో తెలియక ల్యాప్‌టాప్ మూసేసి ఉంటాడు. మాకూ అలా అయింది.

ఇంకో మాట. "వాడతారా?" అని అడిగితే ఎవరైనా వాడతామనే అంటారు. "ఒక పంట కాలం మీ చెరువొకటి ఇస్తారా?", "మీ పుస్తకం చూపిస్తారా?" అని అడిగితే మనసులో మాట బయటపడుతుంది.

జవాబు 4 (హైదరాబాద్, సొంతూరు పాలకొల్లు)

డిజైన్ పని చేస్తాను. వెబ్‌సైట్లు, యాప్‌లు వాడటానికి ఎంత తేలికగా ఉన్నాయో పరిశీలించే నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసిన లెక్క ప్రకారం, 5 మంది వాడుతుండగా పక్కన కూర్చుని చూస్తే సుమారు 85 శాతం ఇబ్బందులు బయటపడతాయి. కాకపోతే ఆ అయిదుగురూ ఒకే రకం పని చేసేవాళ్ళు కావాలి. రైతులు వేరు, చెరువు మీద కుర్రాళ్ళు వేరు, విడివిడిగా చూడాలి. చూసేటప్పుడు మీరు గాని తమ్ముడు గాని నోరు విప్పకూడదు. "అక్కడ నొక్కండి" అన్నారంటే ఆ అరగంట వృథా.

అడిగినావిడ, తొమ్మిది రోజుల తర్వాత

అందరికీ దండాలు. పిన్ని వాళ్ళింటికి వెళ్ళాను. ఎక్సెల్ ఊసెత్తలేదు. "నీ యాప్ వాడేవాళ్ళని నేను ఒక్కసారి కూడా చూడలేదురా, చూడకుండా రాశాను, తీసుకెళ్తావా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేనూ రాత్రిపూట చూడలేదక్కా" అన్నాడు.

నాలుగింటికి వెళ్ళాం. చెరువు మీద కుర్రాడు టార్చి నోట్లో పెట్టుకుని మీటర్ నీళ్ళలోకి దించాడు. ఫోన్ జేబులోనే ఉంది, ప్లాస్టిక్ కవరు చుట్టి. అంకె చూసి, ఏరేటర్ ఇంకోటి వేసి, వెళ్ళి గోడ మీద రాశాడు. మేమిద్దరం మాట్లాడకుండా నిలబడ్డాం. అదే నాకు కష్టమైంది, మూడుసార్లు నోటిదాకా వచ్చి ఆపుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు బండి మీద వాడే అన్నాడు, పద్నాలుగు స్క్రీన్లు ఎందుకు చేశానో అర్థం కావడం లేదని.

నిన్న రాత్రి ఒక్క స్క్రీన్ చేసి పంపాడు. గోడ ఫోటో తీసి పంపితే చాలు, అంకెలు వీళ్ళే ఎక్కించుకుంటారు. అందులో నాకు మూడు తప్పులు కనిపించాయి. రెండు ప్రస్తుతానికి నా దగ్గరే ఉంచుకున్నాను. ఫోటో వెళ్ళిందో లేదో కుర్రాడికి తెలియడం లేదు అన్నది మాత్రం ఫోన్ చేసి చెప్పాను.

"సరే అక్కా, రేపు చెరువు దగ్గర చూద్దాం, నువ్వు కూడా రా" అన్నాడు.