శ్రీకాకుళంలో అక్షరాలెన్ని? నాలుగా, ఐదా, పదా, ముప్ఫయ్యా?

పద్యాలు చెప్పే పెద్దలూ కోడ్ రాసుకునే కుర్రాళ్ళూ ఒకేచోట ఉన్న గ్రూపు నాకు తెలిసి ఇదొక్కటే, అందుకే ఈ గొడవ ఇక్కడ పెడుతున్నాను. ప్రశ్న చిన్నదే. "శ్రీకాకుళం" అన్న మాటలో ఎన్ని అక్షరాలు? నాలుగని కామెంటు కొట్టి వెళ్ళిపోకండి, కాస్త చదవండి.

మా మేనల్లుడు విజయనగరంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు, వాడూ వాడి ఫ్రెండ్సూ కలిసి ఒక ఆట మొదలెట్టారు. పలాసలో పాసింజరు బయల్దేరుతుంది, విజయనగరం దాకా వస్తుంది, దారిలో ప్రతి స్టేషన్ బోర్డు మీదా పేరు కలగాపులగం అయిపోయి ఉంటుంది, బండి ఆగిన ఆ కాసేపట్లో అక్షరాలు అటూఇటూ జరిపి పేరు సరిగ్గా పెట్టాలి, పెడితేనే సిగ్నల్ పడుద్ది. నౌపడ, తిలారు, ఉర్లాం, శ్రీకాకుళం రోడ్, దూసి, పొందూరు, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల, ఇలా. మనూళ్ళ పేర్లతో ఆట అనేసరికి నాకూ సరదా పుట్టి పక్కన కూచున్నా.

మొదట వాళ్ళు పట్టుకున్నది రేలిబ్. తెలీనివాళ్ళకి: రామోన్ సాంటమరియా అనే స్పెయిన్ ఆయన బొమ్మలేసే స్టూడెంట్లకి గేమ్ ప్రోగ్రామింగ్ నేర్పడానికని 2013లో సీ భాషలో మొదలెట్టిన లైబ్రరీ (అంటే వాడుకోడానికి ముందే రాసిపెట్టిన కోడ్ మూట) అది, ఫ్రీ, సోర్సంతా బయటే ఉంటుంది, 2024 నవంబర్లో 5.5 విడుదలైంది. చాలా తేలిగ్గా ఉంటుంది, అది మాత్రం ఒప్పుకోవాలి, పది పన్నెండు లైన్లలో కిటికీ తెరుచుకుని అక్షరాలు పడిపోతాయి. ఇంగ్లీషు అక్షరాలు. తెలుగు కావాలంటే ఫాంటు ఎక్కించేటప్పుడు ఏ కోడ్లు (ఒక్కో గుర్తుకీ కంప్యూటర్లో ఇచ్చిన నంబర్లు) కావాలో మనమే చెప్పాలి, చెప్పకపోతే ఇంగ్లీషు వాటి 95 గుర్తులే ఎక్కుతాయి, మిగతా చోటల్లా ప్రశ్నార్థకాలే. యూనికోడ్‌లో మన తెలుగుకి ఇచ్చిన జాగా 3072 నుంచి 3199 వరకు, అదంతా ఎక్కించారు, గూగుల్‌లో దొరికే "గిడుగు" ఫాంటు పెట్టారు (వ్యావహారిక భాష కోసం కొట్లాడిన మన జిల్లా గిడుగు రామమూర్తి గారి పేరే దానికి), "విజయనగరం" అని వేసి చూశారు. పడింది! వి మీద గుడి కాస్త తలకట్టుని తొక్కి కూచుంది గానీ చదువుకోవచ్చు. ఎగిరి గంతేశారు.

తర్వాత "శ్రీకాకుళం" వేశారు. శ్‌రీకాకుళం అని పడింది. శ పక్కన పొల్లు, దాని పక్కన నిండు ర, దాని మీద గుడిదీర్ఘం. క్రావడి జాడే లేదు.

దానికి వీళ్ళ కాలేజీలో విజయనగరం బ్యాచ్ శ్రీకాకుళం బ్యాచ్‌ని ఎంత ఏడిపించిందో చెప్పక్కర్లేదు, "మా ఊరి పేరుకి ఒక్క ఒత్తు కూడా లేదు, మీదే తేడా" అని. నిజమేనండీ, విజయనగరంలో ఒక్క ఒత్తూ లేదు, అన్నేళ్ళుగా ఆ పేరు రాస్తూ కూడా నేనెప్పుడూ గమనించలేదు.

ఇంతకీ జరిగిందేంటంటే, రేలిబ్ మాటని ఒక్కో కోడ్ చొప్పున వరసగా గీసుకుంటూ పోతుంది. ఇంగ్లీషుకి అది చాలు. మనకి చాలదు. శ్రీ అన్నది మనం టైపు చేసే వరస శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, నాలుగు కోడ్లు. తెర మీద పడాల్సింది మాత్రం వేరే: శ తలకట్టు తీసేసి గుడిదీర్ఘం ఆ శ నెత్తినే ఎక్కాలి, ర అన్నది ర రూపంలోనే ఉండకూడదు, కింద నుంచి ఎడమకి చుట్టుకునే క్రావడి అయిపోవాలి. అంటే ర తర్వాత కొట్టిన గుడిదీర్ఘం ర ని దాటుకుని వెనక్కెళ్ళి శ మీద కూచోవాలన్నమాట. చిన్నప్పుడు పలక మీద ముందు శీ రాసి ఆనక క్రావడి చుట్టిన ప్రతివాళ్ళకీ ఇది చేతికి తెలుసు, నోటితో చెప్పమంటే మాత్రం ఎవరూ చెప్పలేరు. ఈ జరపడం, మార్చడం చేసే పనిముట్టు వేరే ఉంది, హార్ఫ్‌బజ్ అని, దాని పేరు పారశీ మాట, అక్షరం అన్న అర్థంలో హర్ఫ్, తెరిచిన అన్న అర్థంలో బాజ్. రేలిబ్‌లో అది లేదు.

అక్కడికి పిల్లలు ఎస్‌డీఎల్‌కి మారారు. ఇదీ ఓపెన్ సోర్సే, రెండింటికీ జీలిబ్ లైసెన్సే, ఆట అమ్ముకున్నా ఎవరూ వాటా అడగరు. సామ్ లాంటింగా 1998లో మొదలెట్టిన లైబ్రరీ, రెండో తరం 2013లో వచ్చింది, ఆ తర్వాత ఇన్నేళ్ళకి మూడో తరం, దాని మొదటి స్థిరమైన విడుదల 3.2.0 అని నంబరేసి 2025 జనవరిలో ఇచ్చారు. ఫాంట్ల పనికి దానికి తోడుగా టీటీఎఫ్ అని ఇంకో చిన్న లైబ్రరీ ఉంటుంది, హార్ఫ్‌బజ్ ఉండేది అందులో. అది కలిపి బిల్డ్ చేసుకుంటే శ్రీకాకుళం శ్రీకాకుళంలా పడింది, కలపకుండా బిల్డ్ చేస్తే మళ్ళీ మొదటికే. ఒక ఫాంటులో లేని గుర్తుని ఇంకో ఫాంటు నుంచి తెచ్చుకునే ఏర్పాటు కూడా మూడో తరంలో పెట్టారు, తెలుగు ఇంగ్లీషు కలిపి రాసే మనలాంటోళ్ళకి అది పెద్ద సుఖం.

ఇప్పుడు అసలు గొడవ. బొమ్మ సరిగ్గా పడింది సరే, ఆటలో పేరుని ముక్కలు చేసి కలిపెయ్యాలి కదా, ముక్క అంటే ఏది? కంప్యూటర్ని అడిగితే నాలుగు రకాలుగా చెప్పింది. బైట్లు లెక్కపెడితే 30, ఎందుకంటే తెలుగు గుర్తు ఒక్కోటీ మూడు బైట్లు తింటుంది. కోడ్లు లెక్కపెడితే 10. పాత యూనికోడ్ నియమం ప్రకారం పాఠకుడికి కనిపించే ముక్కలు ఎన్నని అడిగితే 5: శ్, రీ, కా, కు, ళం. 2023 సెప్టెంబర్లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమం ప్రకారం 4: శ్రీ, కా, కు, ళం. పొల్లు తర్వాత హల్లు వస్తే అక్కడ తెగ్గొట్టకూడదని ఆ విడుదలలో కొన్ని భారతీయ లిపులకి చేర్చారు, వాటిలో తెలుగు ఉంది. పిల్లలు ముందు పది కోడ్లనీ కలిపేశారు, బోర్డు మీద ఒంటరి గుడిదీర్ఘం ఒకటి, ఒంటరి కొమ్ము ఒకటి, చుక్కల గుండ్రం మీద వేలాడుతూ వచ్చాయి, ఆడేవాడు గుడిదీర్ఘాన్ని పట్టుకుని ఎక్కడ పెడతాడు పాపం.

నా మాట ఏంటంటే, ఆ 4 అన్నది కొత్తగా ఎవరూ కనిపెట్టింది కాదు, మన ఛందస్సులో గణాలు కట్టేవాళ్ళు మొదట్నుంచీ లెక్కపెట్టేది అదే. కంప్యూటర్ల వాళ్ళు 30 నుంచి 10కి, 10 నుంచి 5కి, 5 నుంచి 4కి దిగొచ్చారు. ఆటలు చేసే పిల్లలకి లైబ్రరీ వాడటంతోపాటు ఈ లెక్క కూడా ఎవరైనా చెప్పాలి. మీరేమంటారు?

టెక్కలి తమ్ముడు: ఏటక్కా ఇంత గొడవ, సిక్కోలు అని రాసీమను. క్రావడీ ఉండదు, గుడిదీర్ఘమూ ఉండదు. మేం పలికీది కూడా అదే కదా. ఇంగ్లీషోడు చికాకోల్ అన్నాడు, మేం సిక్కోలన్నాం, శ్రీ అనీది కాగితాల మీదే.

నేను: బాగానే ఉంది తమ్ముడూ గానీ సిక్కోలులో క్కో ఉంది కదా, క కింద క ఒత్తు. రేలిబ్‌లో వేస్తే సిక్‌కోలు అని పడుద్ది. ఒత్తు లేకుండా తప్పించుకోవాలంటే మన లిస్టులో పలాస, నౌపడ, తిలారు, దూసి, పొందూరు, గరివిడి, విజయనగరం, అంతే.

బొబ్బిలి మాస్టారు: తమ్ముడు సరదాకన్నా మాట మంచిదే అందించాడమ్మా. సిక్కోలు గణం కట్టి చూడండి. సి హ్రస్వమే గానీ వెనక ద్విత్వం ఉంది కాబట్టి గురువు, క్కో గురువు, లు లఘువు. తగణం. శ్రీకాకుళం? శ్రీ గురువు, కా గురువు, కు లఘువు, అదీ తగణమే, చివర ళం అని ఒక గురువు ఎక్కువ. అంటే జనం నోట్లో పేరు ఎంత అరిగినా ముందున్న తగణం చెక్కుచెదర్లేదు. ఇక విజయనగరం ఐదు లఘువుల మీద ఒక గురువు, నగణం సగణం, మీ పాసింజరు పట్టాల మీద పరిగెట్టినట్టే ఉంటుంది. మీ మేనల్లుడికి చెప్పండి, 4 సరైన లెక్క, 6 కూడా (విజయనగరానికి).

రాజాం నుంచి ఒకరు: నాకొకటి అర్థం కావట్లేదు, మన లిపే ఇంత కష్టంగా ఉంటే కొంచెం మార్చుకోవచ్చు కదా, ఒత్తు కింద పెట్టకుండా పక్కన పొల్లు పెట్టి రాసుకుంటే గొడవ వదుల్తుంది, లైబ్రరీ ఏదైనా పనిచేస్తుంది. తమిళం అలాగే ఉంది, వాళ్ళకేం తక్కువైంది?

నేను: తమిళానికి అది మొదట్నుంచీ అలవాటు, మనకి కాదండి. పనిముట్టు సరిపోలేదని చెయ్యి కోసుకోం కదా. పైగా పనిముట్టు ఉంది, ఫ్రీగా ఉంది, హార్ఫ్‌బజ్ వాడే పెద్ద గేమ్ ఇంజిన్లు ఉన్నాయి, గోడో 4 వచ్చినప్పట్నుంచీ (2023 మార్చి) అందులో తెలుగు మామూలుగా పడుతోంది. చిన్న లైబ్రరీ తేలిగ్గా ఉంటుందని అది పట్టుకుని మన రాతని దానికి తగ్గట్టు చెక్కెయ్యమంటే నాకు నచ్చదు. రేలిబ్‌ని తిట్టడం కూడా నాకిష్టం లేదు, చిన్నగా ఉంచడమే దాన్ని చేసినాయన ఉద్దేశం, అది ఆయన ఇష్టం. తెలుగు అక్షరాలతో ఆడే ఆటకి అది సరిపోదు, బండి గీయడానికీ పొగ గీయడానికీ బ్రహ్మాండంగా సరిపోద్ది.

చీపురుపల్లి అన్నయ్య: పెద్ద కంపెనీలకే తప్పలేదమ్మా ఈ తిప్పలు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" గొడవ గుర్తుందా? జ్ఞ కీ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని ఒక కోడ్ దూరితే ఐఫోన్లు మెసేజ్ తెరవగానే పడిపోయేవి, తర్వాత 11.2.6 అని ఒక అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. మన ఒక్క అక్షరం దెబ్బకి ప్రపంచమంతా తెలుగు అనే భాష ఉందని తెలిసింది.

టెక్కలి తమ్ముడు: 😂😂 జ్ఞానం ఎక్కువైపోనాది ఫోనుకి

పొందూరు నుంచి ఒకరు: స్టేషన్ల లిస్టులో ఉర్లాం, నెల్లిమర్ల ఉన్నాయి కదా, రెండింట్లోనూ ర్ల. పాత పుస్తకాల్లో ఇక్కడ ర ని ముందు రాయకుండా వలపలగిలక (ర్ బదులు అక్షరానికి కుడిపక్కన వేసే గుర్తు) వేసేవాళ్ళు, మా తాతగారి ఉత్తరాల్లో కూడా అలాగే ఉండేది. ఇప్పటి పిల్లలకి చూపిస్తే గుర్తుపట్టరు. ఆటలో కష్టమైన లెవెల్లో అది పెట్టమనండి.

నేను: మంచి ఐడియా అండీ, వాడికి చెప్పా, "అదేంటత్తా, ఏ కీ కొడితే వస్తుంది" అన్నాడు. చూడాలి.

గరివిడి నుంచి ఒకరు: మేడం, నేనూ ఇలాంటిదే పదాల ఆట చేస్తున్నా, ఒక టెక్నికల్ డౌటు. ముక్కలు కొయ్యడం కూడా ఎస్‌డీఎల్ చేసిపెడుతుందా? ఏ ముక్క ఏ గుంపుదో చెప్పే ఫంక్షన్ ఉందని చూశా.

నేను: ఉంది, తెర మీద ఏ ముక్క ఎక్కడ పడింది, దాని చుట్టూ పెట్టె ఎంత అని చెప్తుంది, వేలు పెట్టి లాగడానికి పిల్లలు అది వాడుకున్నారు. కానీ తెలుగులో అక్షరం అంటే ఏంటో తేల్చడం దాని పని కాదు కదా. కొయ్యడానికి వీళ్ళే చిన్న నియమం రాసుకున్నారు: గుణింతం గుర్తు, సున్నా, విసర్గ వస్తే ముందుదానికి అతికించు, పొల్లు వస్తే అతికించి, వెనక హల్లు ఉంటే దాన్ని కూడా లాక్కో. నాలుగు లైన్లు. చీపురుపల్లి తీసుకుంటే చీ, పు, రు, ప, ల్లి అని వస్తుంది, ఐదు పలకలు (ఆటలో జరిపే ముక్కలు).

గరివిడి నుంచి ఒకరు: అంటే ళం ఒకటే పలక, సున్నా విడిగా రాదు?

నేను: రాదు, ళం ఒకటే. సున్నా విడిగా ఇస్తే ఆడేవాళ్ళు శ్రీంకాకుళ అని పెట్టి గెలిచామంటారు.

బొబ్బిలి మాస్టారు: అంతా బానే ఉంది గానీ అమ్మా, మీ బోర్డు మీద ఉన్నది శ్రీకాకుళం కాదు, శ్రీకాకుళం రోడ్. ఆ చివరి డ్ ని ఏం చేశారు? మీ పిల్లల నియమం ప్రకారం రో ఒకటి, డ్ ఒకటి, రెండు పలకలు అవ్వాలి. పద్యంలో పొల్లు హల్లు విడిగా లెక్కకి రాదు, ముందు అక్షరంలో కలిసిపోతుంది, కలిసి దాన్ని గురువు చేస్తుంది. కాబట్టి రోడ్ మొత్తం ఒక్కటే. ఇక్కడ యూనికోడ్ వాడికీ నాకూ లెక్క కలవదు.

నేను: మాస్టారూ, ఇది పట్టుకుంటారని అనుకోలేదు. ఇప్పటికైతే డ్ విడి పలకే. మీ లెక్క ప్రకారం మార్చమంటే వాడు నియమంలో ఇంకో లైను కలుపుతానంటున్నాడు, మాట చివర పొల్లు ఉంటే ముందుదానికి అతికించమని.

టెక్కలి తమ్ముడు: అదేం వద్దక్కా, ఆముదాలవలస అని పెట్టీమను, ఆ స్టేషన్ ఉన్నది ఆ ఊర్లోనే. ఏడు పలకలు, ఒత్తు లేదు, పొల్లు లేదు, మాస్టారికీ కంప్యూటర్‌కీ పేచీ లేదు.