తెల్ల పిల్లాడు, నల్ల స్నేహితుడు: మార్పు నమ్మేలా రాయడమెలా?

ప్రశ్న:
నవల రాస్తున్నాను. కాలం 1853, అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, మిసిసిపి ఒడ్డున ఒక ఊరు. 12 ఏళ్ల తెల్ల పిల్లాడు, ఆ ఇంట్లోనే బానిసగా ఉన్న 15 ఏళ్ల నల్ల కుర్రాడు. కలిసి చేపలు పడతారు, స్నేహం కుదురుతుంది. పదో అధ్యాయంలో పిల్లాడికి బానిసత్వం తప్పని తెలిసిపోతుంది. చదివినవాళ్లు మాత్రం అది పిల్లాడి ఆలోచనలా లేదు, రచయిత ఉపన్యాసంలా ఉంది అంటున్నారు. ఎక్కడ సరిచేయాలి?

జవాబు 1:
ఆ 'తెలిసిపోవడం' తీసేయండి. ఇల్లు, చర్చి వాడికి నేర్పింది ఒక్కటే: బానిస ఆస్తి, పారిపోయేవాడికి సాయపడితే దొంగతనం. కాబట్టి సాయం చేస్తూ కూడా వాడు పాపం చేస్తున్నాననే భయపడాలి.

మార్పు ముందు వాడి చేతుల్లో కనిపించనివ్వండి. యజమాని ఇచ్చిన అనుమతి చీటీ లేకుండా దారిలో దొరికిన బానిసను గస్తీవాళ్లు కొట్టేవారు. మీ పిల్లాడికి రాయడం వచ్చు కదా, స్నేహితుడి కోసం తండ్రి పేరుతో దొంగ చీటీ రాయనివ్వండి. చీటీలో ఉండాల్సింది కుర్రాడి పేరు, ఎక్కడికి వెళ్తున్నాడు, ఎప్పటిదాకా, తేదీ, యజమాని సంతకం. ఆ నాలుగు వరుసలకే ఒక అధ్యాయం ఇవ్వండి. తండ్రి సంతకంలోని వంపు కుదరక కాగితాలు పాడవుతాయి, వాటిని పొయ్యిలో వేస్తాడు, వేలికంటిన సిరా భోజనాల దగ్గర దాచుకుంటాడు. నీతి గురించి ఒక్క మాటా అక్కర్లేదు.

జవాబు 2:
పై సలహా బాగుంది. దానికి ప్రమాదం కూడా తోడవ్వాలి. నల్లవాళ్లకు చదువు నేర్పే బడి నడపకూడదని మిస్సోరిలో 1847లోనే చట్టం వచ్చింది: 500 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. 1850 నాటి ఫ్యుజిటివ్ స్లేవ్ (పారిపోయిన బానిసల) చట్టం ప్రకారం పారిపోయినవాణ్ణి దాచినా, తప్పించినా 1,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. విచారించే కమిషనర్‌కు, పట్టుబడ్డవాణ్ణి యజమానికి అప్పగిస్తే 10 డాలర్లు, వదిలేస్తే 5. ఈ అంకెలు పెద్దవాళ్ల మాటల్లో పిల్లాడి చెవిన పడాలి, కథకుడు వివరించకూడదు.

జవాబు 3:
నాకు అసలు లోపం నల్ల కుర్రాడి పాత్రలో కనిపిస్తోంది. యజమాని కొడుకు చేపలకు రమ్మంటే రానని చెప్పగలడా? చెప్పలేడు. అలాంటప్పుడు దాన్ని అప్పుడే స్నేహం అనకండి. అతను ఏదో ఒకటి దాచాలి, ఒకసారి అబద్ధమాడాలి, అతను ఆ అబద్ధం ఎందుకు చెప్పాల్సి వచ్చిందో పిల్లాడికి ఆలస్యంగా అర్థం కావాలి. లేకపోతే అతను తెల్ల పిల్లాడికి మంచి నేర్పడానికే పుట్టినట్టుంటాడు. ఇలాంటి కథలు ఎక్కువగా చెడేది ఇక్కడే.

పారిపోవాలన్న ఆలోచన అతనిదే కావాలి, కారణం కూడా. బానిసలను ఏడాదికి కిరాయికి ఇచ్చే ఒప్పందాలు చాలావరకు జనవరి 1న మొదలయ్యేవి. తన తల్లినో తననో దూరపు ఊరికి కిరాయికి ఇస్తారని అతనికి డిసెంబరులో తెలిస్తే చాలు. తర్వాత ఒక్కో అధ్యాయాన్నీ అతని వైపు నుంచి ఒక పేజీ రాసి చూడండి, నవలలో పెట్టక్కర్లేదు. రాయడానికి ఏమీ దొరకని అధ్యాయంలో అతను బొమ్మ.

ప్రశ్న వేసినవారు:
మూడూ పనికొస్తాయండీ, ధన్యవాదాలు. అతను నది దాటి అవతలి ఇలినాయ్ రాష్ట్రం చేరడంతో ముగించొచ్చా?

జవాబు 2:
వద్దండి. ఇలినాయ్‌లో బానిసత్వం లేకపోయినా 1850 చట్టం అక్కడా వర్తించేది. పైగా బయటి నల్లవాళ్లు వచ్చి పది రోజులకు మించి ఉంటే 50 డాలర్ల జరిమానా అని ఇలినాయే 1853 ఫిబ్రవరిలో చట్టం చేసింది. అతను కెనడా దాకా వెళ్లాలి. మీ పిల్లాడు రాసిన చీటీ మిస్సోరి గస్తీవాళ్ల దగ్గర పనిచేస్తుందేమో గానీ, ఆ దారంతా పనిచేయదు.