పాత కంప్యూటర్లతో బడిలో ల్యాబు: తీసుకోవాలా, వద్దనాలా?

కె.ఆర్.పురం టీచర్:
మా బెంగళూరు బడికి ఒక కంపెనీ వాళ్ళు 20 పాత డెస్క్‌టాప్‌లు ఇస్తామంటున్నారు. హెడ్‌మాస్టరు గారు సరేనంటున్నారు, నాకు మాత్రం భయంగా ఉంది. క్లాసులో 40 మంది. మీరేమంటారు?

జయనగర్ రావు:
వద్దమ్మా. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్టు, అంటే కంపెనీ ఉచితంగా పంపే భద్రతా అప్‌డేట్లు, ఆగింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. అది లేని మెషీన్లు ఇప్పుడు బళ్ళకు చేరుతున్నాయి. పేద పిల్లలకు పాతవి చాల్లే అనుకోవడం నాకు నచ్చదు. ఐదు కొత్తవి అడగండి.

ఎస్.పి.రోడ్డు మెకానిక్:
రావుగారూ, వాళ్ళు వదిలించుకుంటున్న మాట నిజమే. కానీ ఐదు మెషీన్లకి 40 మందంటే ఒకరు మౌస్ పట్టుకుంటే ఏడుగురు చూస్తూ కూర్చోవాలి. చేత్తో చేయకుండా ఇది వచ్చే విద్య కాదండీ. విండోస్ ఆగినంత మాత్రాన మెషీను పోయినట్టు కాదు. నాలుగో తరం ఐ3 లాంటి పాత ప్రాసెసరైనా 8 జీబీ ర్యామ్, ఒక ఎస్ఎస్‌డీ (హార్డ్‌డిస్కు బదులు వాడే వేగమైన డిస్కు) వేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కిస్తే లిబ్రేఆఫీస్ (ఆఫీసు పనులకు), టక్స్ పెయింట్ (పిల్లల బొమ్మలకు) హాయిగా నడుస్తాయి. కేరళ సర్కారు బళ్ళు ఎన్నో ఏళ్ళుగా లినక్స్ మీదే నడుస్తున్నాయి.

టీచరమ్మా, ఊరికే తలూపకండి. అన్నీ ఒకే మోడల్ కావాలనండి. 16 నడిపి నాలుగు పక్కన పెట్టుకుంటే కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పెట్టె పోయినా, ర్యామ్ పోయినా అందులోంచి తీసి వేసుకోవచ్చు. డేటా భయంతో కంపెనీలు హార్డ్‌డిస్కులు పీకేసి ఇస్తుంటాయి. ఎస్ఎస్‌డీల డబ్బు కూడా వాళ్ళనే అడగండి. ఏడాదిపాటు రిపేరు ఖర్చు భరించమనండి. దానికి ఒప్పుకోకపోతే రావుగారి మాటే నాదీ, వద్దనేయండి.

బళ్ళలో నేను ఎక్కువగా చూసే జబ్బు ఒకటుంది. వేసవి సెలవుల్లో ప్లగ్గులు పీకేస్తారు. తెరిచాక తేదీ ఏళ్ళ వెనక్కి పోయి ఉంటుంది, ఏ సైటూ తెరుచుకోదు. పాడైందని మూలన పడేస్తారు. పోయింది మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే రూపాయి బిళ్ళంత సీఆర్2032 బ్యాటరీ, అంతే! దాన్ని మార్చడం ఏడో క్లాసు పిల్లలకైనా నేర్పొచ్చు.

జయనగర్ రావు:
సరే, పూర్తిగా చచ్చినవాటి సంగతి? చెత్త బడి నెత్తినేగా?

ఎస్.పి.రోడ్డు మెకానిక్:
పాడైతే వెనక్కి తీసుకెళ్తామని ముందే కాగితం మీద రాయించుకోవాలి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పెద్ద కంపెనీలు పాడైనవాటిని రిజిస్టరైన తయారీదారులకో, బాగుచేసేవాళ్ళకో, రీసైక్లర్లకో మాత్రమే ఇవ్వాలి. ఆ ఏర్పాటు వాళ్ళకెలాగూ ఉంటుంది.

కె.ఆర్.పురం టీచర్:
మా గదిలో ప్లగ్ పాయింట్లు రెండే ఉన్నాయండీ.

ఎస్.పి.రోడ్డు మెకానిక్:
అయితే ముందు కరెంటు పని. మానిటరుతో కలిపి ఒక్కోటి వంద వాట్లనుకున్నా పదహారింటికి 1600 వాట్లు. ఎక్స్‌టెన్షన్ బాక్సుల మీద అస్సలు నడపొద్దు. మెషీన్లు రాకముందే వేరే లైను లాగించి, ఎర్తింగ్ చూపించండి.