అక్కాబావల గొడవ: పెద్దమనుషుల్లో కూర్చోబెట్టాలా, కౌన్సెలర్ దగ్గరికి పంపాలా?

గుంటూరు_మిర్చి:
అందరికీ నమస్తే. మా అక్కాబావలకి పెళ్ళయి ఆరేళ్ళు, కూకట్‌పల్లిలో ఉంటారు, ఇద్దరికీ ఉద్యోగాలు. మూడు వారాల నుంచి మాటల్లేవు. విషయం ఏంటంటే ఊళ్ళో వాళ్ళ నాన్న కట్టిస్తున్న ఇంటికి బావ లోన్ తీసుకున్నాడు, ఈఎంఐ కట్ అయిన మెసేజ్ కంటపడేదాకా అక్కకి తెలీదు. పోయినాదివారం నేను వెళ్ళా. నాలుగేళ్ళ పాపని మధ్యలో పెట్టి మాట్లాడుకుంటున్నారు, "మీ నాన్నకి చెప్పు, అన్నం పెట్టానని" అంటది అక్క, ఆయన పక్కనే సోఫాలో ఉంటాడు, పాప వెళ్ళి చెప్తది, "అమ్మకి చెప్పు, ఆకలి లేదని" అంటాడు, మళ్ళీ పాప వెనక్కి పరిగెత్తుద్ది. దానికి అదో ఆట, నాకు మాత్రం ముద్ద దిగలేదు.

నాన్నేమో వచ్చే ఆదివారం నరసరావుపేటలో పెద్దమనుషుల్లో పెడదాం అంటున్నాడు. అక్క అలాగైతే రాను, కౌన్సెలర్ దగ్గరికైతే వస్తా అంటోంది. బావ దేనికీ రాడంట, "నేనేమన్నా పిచ్చోడినా" అన్నాడు. తెలిసినోళ్ళు చెప్పండి.

పాతకాపు:
బాబూ, నాకు అరవై దాటాయి, ఇలాంటివి ఓ ఇరవై దాకా కూర్చుని సర్దాను, అన్నీ నిలబడ్డాయని మాత్రం చెప్పను. ఇప్పటి పిల్లలు పంచాయితీ అంటే సినిమాల్లో రచ్చబండ అనుకుంటారు. అసలు పద్ధతి వేరు. సంబంధం కుదిర్చినాయన్ని పిలవాలి, ఆయన మాట రెండువైపులా చెల్లుద్ది. ముందు అబ్బాయితో విడిగా, అమ్మాయితో విడిగా మాట్లాడాలి, ఆడవాళ్ళలో ఒక పెద్దావిడ ఉండి తీరాలి, అందర్నీ కలిపేది ఆ తర్వాతే. గంటకి పదిహేనొందలు తీసుకుని గడియారం చూసే మనిషికి నెల పోయాక వీళ్ళింట్లో పొయ్యి వెలిగిందో లేదో ఏం పట్టింది? మేమైతే పండక్కి వెళ్ళి చూసొస్తాం. పైగా ఇది డబ్బు గొడవ, అబ్బాయి తండ్రి కూర్చోకుండా తెగదు.

ఓరుగల్లు_పిల్ల:
పెద్దాయనా, మీరు చెప్పిన పద్ధతి మంచిగనే ఉన్నది, గనీ నాకైన పంచాది చెప్తా ఇనుండ్రి. మా అత్తగారి వాకిట్ల పదకొండు మంది మొగోళ్ళు, కుర్చీలన్నీ వాళ్ళకే. నేను దర్వాజ పట్టుకొని మూడు గంటలు నిలబడ్డ. మా అమ్మేమో లోపట చాయ్‌లు పోసుకుంట ఉన్నది. ఒకాయన "ఏం తక్కువైందమ్మా నీకు" అన్నడు. ఏం తక్కువైందో అంతమంది మొగోళ్ళ ముంగట ఎట్ల చెప్తరు? చెప్పలే. చెప్పలేదు కాబట్టి ఏం లేదని తేల్చిన్రు. ఇగ నుంచి కలిసిమెలిసి ఉంటమని బాండ్ పేపర్ మీద రాసి సంతకం పెట్టిచ్చిన్రు, ఆ కాగితం ఇంకా మా బీరువల ఉన్నది, పారెయ్యబుద్ధి కాదు. రెండేండ్లయినంక హన్మకొండల ఒక కౌన్సెలర్ మేడం దగ్గరికి పోయినం. కూసోమన్నది, నీళ్ళిచ్చింది, మా ఆయనను బయట కూసోవెట్టి తలుపేసింది. ఆ తలుపేసుడే నాకు కావాల్సింది.

కాఫీ_కప్పు:
తలుపేస్తే అయిపోతుందా మేడం. మేం వెళ్ళినావిడ మొదటి సిట్టింగ్‌లో "వారానికోసారి ఇద్దరే డిన్నర్‌కి వెళ్ళండి" అంది, ఐదో సిట్టింగ్‌లో కూడా అదే అంది. ఎనిమిది వేలు వదిలాయి, డిన్నర్ల ఖర్చు కాక. ఆవిడ చేసింది రెండు వారాల సర్టిఫికెట్ కోర్సని తర్వాత తెలిసింది. కౌన్సెలర్ అని బోర్డు ఎవరు పడితే వాళ్ళు పెట్టేస్తున్నారు. ఏం చదివారు, ఇప్పటిదాకా ఎంతమంది జంటల్ని చూశారు అని ముందే అడగండి, క్లినికల్ సైకాలజిస్ట్‌నని చెప్తే వాళ్ళని రిజిస్టర్ చేసే కేంద్ర సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నెంబర్ ఉండాలి, అదీ అడగండి. టమాటాలు ఏరుకుని కొంటాం, ఇక్కడేమో మొహమాటం.

నల్లకోటు:
ఫ్యామిలీ కోర్టులో కేసులు చూస్తుంటాను కాబట్టి ఒక మాట. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం తొమ్మిదో సెక్షన్‌లోనే ఉంది, ముందు రాజీకి ప్రయత్నం చెయ్యాలని, అందుకే అక్కడా కౌన్సెలర్ దగ్గరికి పంపుతారు. కానీ అప్పటికే ఒకరి మీద ఒకరు పిటిషన్లు వేసుకుని ఉంటారు. ఇంట్లో కోపంలో అన్న మాట మర్నాటికి పోతుంది, పిటిషన్‌లో పేరాగ్రాఫ్ నెంబరుతో అచ్చయిన మాట పోదు, రాసేది నేనే కాబట్టి తెలుసు. ఇద్దరూ ఒప్పుకుని తీసుకునే విడాకులకి కూడా హిందూ వివాహ చట్టం 13బి కింద ఆరు నెలలు ఆగమన్నది మనసు మారుతుందేమోననే. కలిసే ఆశ లేనప్పుడు ఆ గడువు తీసెయ్యొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువగా అడిగేది ఆ తీసెయ్యడం గురించే. అందుకే పెద్దలో కౌన్సెలరో, మాదాకా రాకముందే వెళ్ళండి.

మిర్చి గారూ, ముందు ఒకటి తేల్చుకోండి. చెయ్యి చేసుకోవడం ఉందా? ఉంటే పంచాయితీ వద్దు, ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టే కౌన్సెలింగూ వద్దు. అక్కడ నోరు విప్పినందుకు ఇంటికెళ్ళాక తన్నులు పడతాయి. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, హింసకి గురైన ఆడవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే సఖి సెంటర్ సాయం దొరుకుతుంది, 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు, ఉన్న ఇంట్లోనే ఉండే హక్కు కోరొచ్చు.

గుంటూరు_మిర్చి:
అక్కని విడిగా అడిగానండీ, కొట్టడాలు లేవు. మాట్లాడకపోవడమే. మరి బావని తీసుకెళ్ళేదెలా?

కడప_కారం:
ఆ బావ మాదిరోడినే నేను కూడా. నాకేం తిక్కనా అని అరిసినా. అప్పుడు నా పెండ్లాం "నీకు తిక్కని కాదు, నీతో ఎట్ల మాట్లాడాల్నో నాకు చాతగావడంలేదు, వచ్చి నా తప్పులు ఆ సార్‌కి చెప్పు" అనింది. సరే అయితే చెప్దాం పా అని ఆమె తప్పులన్నీ ఫోన్లో నోట్ చేసుకోని మరీ పోయినా. ఆడ ఆ సార్ ఆమెని మూడు నిమిషాలు మాట్లాడమన్నాడు, నన్ను గమ్మునుండమన్నాడు, అయినాక ఆమె చెప్పింది నా నోటితో చెప్పమన్నాడు. అదేమంత పనిలే అనుకున్నా. "నేను లేటుగా వస్తానంటాంది సార్, కానీ షాపు మూసేసరికే..." అంటే "అది నీ జవాబు, ఆమె మాట చెప్పు" అన్నాడు. రెండోసారి కూడా అంతే. ఇంక ఆమెని మళ్ళా చెప్పమన్నాడు. అప్పుడు గానీ చెవికెక్కలేదు, ఆమె చెప్పింది లేటు గురించి కానే కాదు. రాత్రి గేటు చప్పుడైతే ఎవరోనని భయపడి లేస్తాదంట, బయల్దేరినా అని ఒక ఫోన్ కొడితే చాలంట. పెండ్లయి ఎనిమిదేండ్లు అప్పటికి. నోట్ చేసుకున్న లిస్టు బయటికి తీయనే లేదు. అట్లని అంతా చక్కబడిందని కాదు, మొన్న కూడా వాళ్ళ తమ్మునికి అప్పిచ్చిన కాడ కొట్లాడుకున్నాం.

డల్లాస్_దోసకాయ:
భాష కూడా చూసుకోండి. ఇక్కడ మాకు దొరికినావిడ మంచిదే, కానీ ఇంగ్లీషు. నేను అలిగాను అని చెప్పాలి. అలకకి ఇంగ్లీషులో మాటేంటి? కోపం కాదు, బాధ కాదు, ఎవరో ఒకరు వచ్చి బతిమాలాలని తలుపు వైపు చూస్తూ కూర్చోవడం. అది వివరించేసరికి అలకా పోయింది గంటా పోయింది. అత్తగారు ఆరు నెలలకని వస్తున్నారంటే "రావద్దని చెప్పొచ్చుగా" అంది, మా ఆయనా నేనూ ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం, చాలా రోజుల తర్వాత ఇద్దరం ఒకే మాట మీద ఉన్నది అప్పుడే. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్న తెలుగావిడతో వీడియో కాల్, మాకు పొద్దున్న ఏడింటికి.

పాతకాపు:
ఓరుగల్లు అమ్మాయీ, ఆడపిల్లని మూడు గంటలు నిలబెట్టడం తప్పే, దాన్ని నేను పంచాయితీ అనను. కానీ నా మాట మీద నేనున్నా. కడప అబ్బాయిది మాట తేడా, అది ఆ సార్ విప్పగలిగాడు. వీళ్ళది లోను. ఇద్దరూ ఒకరి మాట ఒకరు అప్పజెప్పుకుని ఇంటికొచ్చినా వచ్చే నెల ఈఎంఐ మళ్ళీ కట్ అవుద్ది. వియ్యంకుడికి ఎవరు చెప్తారు?

ఓరుగల్లు_పిల్ల:
కొడుకు చెప్తడు. పెండ్లానికి చెప్పకుండ లోన్ తీస్కునే ధైర్యం ఉన్నోడు నాయనకు చెప్పలేడా? అయినా అది లోన్ గొడవ కాదు, చెప్పకుండ తీస్కున్న గొడవ.

పాతకాపు:
సగం లేచిన ఇల్లు ఆపమని కన్నతండ్రికి చెప్పడం ఇక్కడ టైపు చేసినంత తేలిక కాదమ్మా.

ఓరుగల్లు_పిల్ల:
ఆపుమని ఎవరన్నరు? ఎంత కడుతున్నడో ఇద్దరు కూసోని లెక్క రాసుకోమంటున్న. మీ పెద్దమనుషులను తర్వాత పిలువుండ్రి, అప్పుడు ఆమెకు గూడ ఒక కుర్చీ ఎయ్యుండ్రి.

గుంటూరు_మిర్చి:
అప్డేట్. ఆదివారం మీటింగ్ నాన్న వాయిదా వేశాడు, మానుకోలేదు. ఫీజెంతని అడిగి "ఆ డబ్బుతో పదిమందికి భోజనం పెట్టొచ్చు" అన్నాడు. కడప అన్న వాళ్ళావిడ అన్న మాటే అక్క చేత బావకి మెసేజ్ పెట్టించా, నా తప్పులే చెప్పు, వచ్చి చెప్పు అని. రాత్రంతా జవాబు లేదు. పొద్దున్నే పాప వచ్చి "నాన్న ఒక్కసారే వస్తాడంట" అని చెప్పిందంట. ఈ శనివారం నాలుగింటికి. పాపని నేను చూసుకుంటున్నా.

పాతకాపు:
మంచిది. ఈఎంఐ ఎప్పుడు కట్ అవుద్ది?

గుంటూరు_మిర్చి:
అదీ శనివారమేనండీ.