కిట్ కొనకుండా డ్రాయింగులు చూసి విమానం కట్టడం: హైదరాబాద్‌లో ఎవరైనా చేస్తున్నారా?

కీసర షెడ్:
అందరికీ నమస్తే. చర్లపల్లిలో ఒక మెషిన్ షాప్‌లో పని చేస్తాను. లేత్, మిల్లింగ్ రోజూ చేసే పనే. కీసర దాటాక మా నాన్నగారి స్థలంలో పెద్ద రేకుల షెడ్డు ఉంది, ఇన్నాళ్లూ వడ్ల బస్తాలు పెట్టుకున్నారు. అందులో చిన్న టూ సీటర్ విమానం కట్టాలని చాలా కాలంగా కోరిక. భాగాలు ఫ్యాక్టరీలోనే చేసి పంపే కిట్ ధర చూసి, దానికి షిప్పింగ్, కస్టమ్స్ కలిపి లెక్కేసుకున్నాక ఆ ఆశ వదులుకున్నాను. డ్రాయింగులైతే కొన్ని వందల డాలర్లలో వస్తాయి. మిగతాది నా చేతుల్లో పనే కదా అనిపిస్తోంది.

అల్యూమినియం మంచిదా, చెక్క మంచిదా? రాణిగంజ్, బాలానగర్‌లో దొరికే మెటీరియల్‌తో పని అవుతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. "నీకేమైనా పిచ్చా" అనే జవాబు ఇంట్లో సరిపడా దొరుకుతోంది, ఇక్కడ వద్దు.

బాలానగర్ ఫిట్టర్:
తమ్ముడూ, మెషిన్ పని వచ్చినవాడికి అల్యూమినియమే దగ్గర. క్రిస్ హైంట్జ్ డిజైన్ చేసిన సీహెచ్ 701 లాంటి చిన్న విమానాలు 6061-టీ6 అనే గట్టి అల్యూమినియం షీటుతో, ఒక వైపు నుంచే కొట్టే బ్లైండ్ రివెట్లతో కట్టేవి. డ్రాయింగుల నుంచి కట్టినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. మడవడం, డ్రిల్ చేయడం, అంచులు నున్నగా చేయడం, రివెట్ కొట్టడం. ఇందులో నీకు రానిది లేదు.

చిక్కంతా షీటు దగ్గరే. రాణిగంజ్‌లో అల్యూమినియం అడిగితే కమర్షియల్ గ్రేడ్ ఇస్తారు, డబ్బాలు చేయడానికి, డక్టులు చేయడానికి పనికొచ్చేది. చూడటానికి తేడా తెలియదు. హెచ్ఈ-30 అని రాడ్డు అమ్ముతారు, అది 6082 అనే వేరే రకం. మంచి మెటలే, కానీ డ్రాయింగులో ఉన్నది అది కాదు. బిల్లు మీద "6061" అని రాసిస్తే నమ్మొద్దు. మెటల్ తయారుచేసిన మిల్లు ఇచ్చే టెస్ట్ సర్టిఫికెట్ కావాలి, అందులోని హీట్ నంబరు (ఏ కరిగింపులో తయారైందో చెప్పేది) షీటు మీద ఉన్న నంబరుతో కలవాలి. సర్టిఫికెట్ లేని షీటు ఎంత చవకైనా విమానానికి వద్దు. జిగ్గులకి, అంటే ముక్కల్ని సరైన ఆకారంలో పట్టి ఉంచే చట్రాలకి వాడుకో.

ఇంకోటి గేజ్, రేకు మందం చెప్పే నంబరు. అమెరికా డ్రాయింగులో అల్యూమినియం 20 గేజ్ అంటే 0.032 అంగుళాలు, సుమారు 0.81 మి.మీ. ఇక్కడ 20 గేజ్ అడిగితే ఎస్‌డబ్ల్యూజీ అనే బ్రిటిష్ గేజ్ లెక్కన 0.914 మి.మీ. ఇస్తారు. విమానం మొత్తం అలా కడితే రేకు బరువు పన్నెండు శాతం ఊరికే పెరుగుతుంది. గేజ్ మాట మరచిపోయి మైక్రోమీటర్ పట్టుకుని వెళ్లు.

సాగర్ రోడ్:
బోల్టుల గురించి ఒక మాట. హార్డ్‌వేర్ షాపులో 8.8 గ్రేడ్ బోల్టు బలంలో విమానాలకి వాడే ఏఎన్ బోల్టుకి మరీ దూరం కాదు. అది చూసి చాలామంది "ఇది చాలు" అంటారు. బలం ఒక్కటే కాదు లెక్క. ఏఎన్ బోల్టులో మర లేని నున్నటి భాగం ప్లేట్ల మందానికి సరిగ్గా సరిపోయేలా పొడవులు వేరువేరుగా దొరుకుతాయి. మామూలు బోల్టుల్లో చాలావాటికి తల వరకూ మర ఉంటుంది. రంధ్రంలో ఆ మర ఆనుకుంటే కోత బలమంతా మర మీద పడుతుంది, రంధ్రం కూడా అరుగుతుంది. రెక్క అతికే చోట అది ఒప్పుకోకూడదు. బోల్టులు దిగుమతి చేసుకో, అవి చిన్న పార్సిలే.

చెక్కపని:
అందరూ అల్యూమినియం వైపు లాగుతున్నారు కాబట్టి చెక్క తరఫున నేను మాట్లాడతాను. బెర్నార్డ్ పీటెన్‌పోల్ అమెరికాలోని మిన్నెసోటాలో చేసిన ఎయిర్ క్యాంపర్ 1929లో ఫోర్డ్ మోడల్-ఏ కారు ఇంజనుతో ఎగిరింది. ఇద్దరు ఒకరి వెనక ఒకరు కూర్చునే, పైకప్పు లేని విమానం. ఇప్పటికీ ఆ డ్రాయింగులతో కడుతూనే ఉన్నారు. చెక్కకి బెండింగ్ మెషిన్ అక్కర్లేదు. తప్పు ముక్క వస్తే పొయ్యిలోకి పోతుంది, అంతే.

అయితే ఏ చెక్క అన్నదే ప్రశ్న. మనవాళ్లు వెంటనే "టేకు ఉంది కదా" అంటారు. వద్దు. సిట్కా స్ప్రూస్ ఘన మీటరుకి సుమారు 430 కిలోలు. టేకు 650 పైనే. పైగా టేకులో నూనె ఉంటుంది, జిగురు సరిగా పట్టదు. స్పార్‌కి (రెక్క పొడవునా ఉండే ప్రధాన దూలం) వాడే స్ప్రూస్‌లో పోగు వంపు 15 అంగుళాల పొడవులో ఒక అంగుళం కన్నా ఎక్కువ పోకూడదు, అంగుళానికి కనీసం ఆరు వార్షిక వలయాలు ఉండాలి, ముడుల గురించి వేరే నియమాలు. టింబర్ డిపోలో ఈ లెక్కలు చెప్తే నవ్వుతారు. నన్ను చూసి నవ్వారు, టీ కూడా ఇచ్చారు. దుంగలన్నీ తిప్పి చూడనిచ్చారు, పనికొచ్చేది మాత్రం దొరకలేదు.

ప్లైవుడ్ కూడా అంతే. ఐఎస్ 710 మెరైన్ ప్లై 72 గంటలు ఉడకబెట్టినా జిగురు విడిపోదు, నిజమే. అది జిగురుకి పరీక్ష. లోపలి పొరల్లో ఖాళీలు, అతుకులు, బరువు సంగతి వేరు. మనకి కావాల్సింది ఒకటిన్నర మి.మీ. బర్చ్ ప్లై. అది బయటి నుంచే రావాలి.

మౌలాలి:
చెక్కపని గారూ, మన వాతావరణంలో జిగురు ఎలా? మే నెలలో షెడ్డులో 42 డిగ్రీలు, ఆగస్టులో గోడలు చెమ్మ.

చెక్కపని:
మంచి ప్రశ్న. ఎపాక్సీ పది డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపు వేగంగా గట్టిపడుతుంది. డబ్బా మీద 25 డిగ్రీల లెక్కన రాసిన సమయం మే నెలలో మర్చిపోండి. నేను వేసవిలో తెల్లవారుజామునే జిగురు పని పెట్టుకుంటాను. కప్పులో ముద్దగా కలిపితే దాని వేడికి అదే పొగలు కక్కుతుంది, వెడల్పు పళ్లెంలో పల్చగా పరుచుకోవాలి. వానాకాలంలో చెక్క తేమ చూడందే అతికించను. మాయిశ్చర్ మీటర్‌లో 8 నుంచి 12 శాతం మధ్య ఉంటే సరే.

అన్నిటికన్నా ముఖ్యం: జిగురు కలిపిన ప్రతిసారీ రెండు చిన్న ముక్కలు కూడా అతికించి, తేదీ రాసి పక్కన పెట్టండి. ఆరాక సుత్తితో విరగ్గొట్టండి. చెక్క చీలి విరగాలి. అతుకు శుభ్రంగా విడిపోయిందంటే ఆ రోజు చేసిన రిబ్బులన్నీ (రెక్కకి ఆకారమిచ్చే అడ్డ పలకలు) అనుమానమే.

డాలస్ శ్రీను:
మాది అల్వాల్, ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటున్నాను. ఇక్కడ డ్రాయింగుల నుంచి కట్టిన విమానాల మీద కొన్నాళ్లుగా పని చేస్తున్నాను, కాబట్టి డబ్బు గురించి నిజం చెప్తాను. కిట్ మానేస్తే మిగిలేది ఎయిర్‌ఫ్రేమ్ (రెక్కలు, తోక, మొండెం) ఖర్చులో కొంత భాగమే. ఇంజను, ప్రొపెల్లర్, మీటర్లు, రేడియో, చక్రాలు, బ్రేకులు: ఇవన్నీ కిట్ కట్టేవాడూ కొంటాడు, నువ్వూ కొంటావు. డ్రాయింగుల వల్ల అసలు లాభం, ఖర్చు విడతలుగా పడటం. ఈ నెల తోకకి షీటు, ఆర్నెల్ల తర్వాత స్పార్ మెటీరియల్. జీతం మీద బతికేవాడికి అది పెద్ద సౌకర్యం.

సమయం మాత్రం గట్టిగా పెరుగుతుంది. ఇప్పటి కిట్లలో రంధ్రాలు ఫ్యాక్టరీలోనే సీఎన్‌సీలో పడి వస్తాయి. రెండు ముక్కలు దగ్గర పెడితే రంధ్రాలు కలుస్తాయి, అవి కలిస్తే ఆకారం సరిగా ఉన్నట్టే. డ్రాయింగుల పనిలో ముందు జిగ్ కట్టాలి, ఆ జిగ్ సరిగా ఉందో లేదో కొలవాలి, అప్పుడు ముక్క. సగం కాలం విమానం కాని వస్తువులు తయారు చేస్తూ గడుస్తుంది.

ఇక్కడ 51 శాతం రూల్ అంటారు కదా, విమానంలో ఎక్కువ భాగం కట్టేవాడే సొంతంగా, నేర్చుకోవడానికో సరదాకో చేయాలి. కిట్ కంపెనీలు ఆ గీత దగ్గరే ఆగుతాయి. డ్రాయింగుల వాడికి ఆ టెన్షనే లేదు. ఇండియాలో సంగతి వేరు, అది తెలిసినవాళ్లు చెప్పాలి.

రిటైర్డ్ ఏఎంఈ:
ఆ సంగతి నేను చెప్తాను. బేగంపేటలో చాలా ఏళ్లు ఏఎంఈగా, అంటే విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరుగా చేశాను. బాబూ, షీటు కొనకముందే పౌర విమానాల నియంత్రణ సంస్థ డీజీసీఏకి రాయి. ఏ డిజైన్, ఏ బరువు, ఏ ఇంజను, ఎవరు పర్యవేక్షిస్తారు, ఏ కేటగిరీలో ఒప్పుకుంటారు అని రాతపూర్వకంగా అడుగు. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం పోయి 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ 2024 అమల్లోకి వచ్చింది. పాత పోస్టుల్లో ఎవరో రాసిన నియమాలు చదివి మొదలుపెట్టొద్దు. వీటీతో మొదలయ్యే భారతీయ రిజిస్ట్రేషన్, ఎగరడానికి పర్మిట్ లేకుండా అది షెడ్డులో ఉన్న బొమ్మే. పొలంలో "కొంచెం పైకి లేపి చూద్దాం" అనే మాట కూడా వద్దు.

అమోల్ యాదవ్ గురించి వినే ఉంటావు. ముంబై కాందివలిలో తమ బిల్డింగ్ మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టిన పైలట్. 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో జనం చూశారు, మెచ్చుకున్నారు. రిజిస్ట్రేషన్ 2017 చివర్లో వచ్చింది, ఎగిరే పర్మిట్ దాని తర్వాత. విమానం పూర్తయ్యాక కాగితాలకి ఏళ్లు పట్టాయి. ఆయన సొంత డిజైన్ కాబట్టి కష్టం ఇంకా ఎక్కువ. ఎన్నో విమానాలు ఎగిరిన డిజైన్ నువ్వు తీసుకుంటే డ్రాయింగుకైనా చరిత్ర ఉంటుంది. అందుకే డ్రాయింగులో ఒక్క గీత కూడా "ఇంప్రూవ్" చేయకు. స్పార్ కాస్త మందం చేశాను అన్నావంటే అది నీ డిజైన్ అయిపోయింది, లెక్కలన్నీ నువ్వే చూపాలి.

మన దేశంలో డ్రాయింగుల నుంచి కట్టడం కొత్తేం కాదు. బెంగళూరులోని విమాన పరిశోధన సంస్థ ఎన్‌ఏఎల్ వాళ్లు అమెరికా డిజైనర్ బర్ట్ రూటన్ లాంగ్-ఈజీ విమానం ఆధారంగానే ఎల్‌సీఆర్ఏ అనే చిన్న విమానం కట్టి 1987లో ఎగరేశారు. ఫోమ్ కోసి దాని మీద ఫైబర్‌గ్లాస్ వేసే పద్ధతి. అయితే వాళ్లది ప్రభుత్వ ప్రయోగశాల, నీది వడ్ల షెడ్డు.

రెక్కలు, ఫ్యూజలాజ్ (విమానం మొండెం) మూసేముందు ప్రతి భాగాన్నీ ఎవరైనా లైసెన్సున్న ఏఎంఈకి చూపించి సంతకం పెట్టించు. మూసేశాక లోపల ఏముందో నీ మాట తప్ప సాక్ష్యం ఉండదు. ఫొటోలు, బిల్లులు, సర్టిఫికెట్లు, అన్నీ ఒక ఫైల్లో.

కీసర షెడ్:
చాలా థాంక్స్ సర్, ఇది ఎవరూ ఇంత స్పష్టంగా చెప్పలేదు. ఒక్క డౌట్. ఇంజనుకి మారుతి జిప్సీ 1.3 లీటర్ల జీ13 వాడితే? సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది, పార్టులకి కొరత లేదు.

బాలానగర్ ఫిట్టర్:
విదేశాల్లో జీ13 మీద ప్రొపెల్లర్ వేగం తగ్గించే రిడక్షన్ డ్రైవ్ పెట్టి ఎగిరినవాళ్లున్నారు. ఇంజను గట్టిదే. కారులో అది పూర్తి పవర్ మీద ఎంతసేపు తిరుగుతుంది? ఓవర్‌టేక్ చేసినంతసేపు. విమానంలో ఎక్కినంతసేపు పూర్తి పవర్, ఆ తర్వాత గంటల తరబడి మూడొంతుల పవర్. అసలు భయం ఇంజను కాదు, ప్రొపెల్లర్‌కీ క్రాంక్‌కీ మధ్య వచ్చే మెలి కంపనం. అది గేర్లని, షాఫ్టునీ తినేస్తుంది. నువ్వు లేత్ మీద డ్రైవ్ చేసుకోగలవు, అందుకే చెప్తున్నా, చేయకు. రేడియేటర్, నీళ్లు కలిపితే ముక్కు బరువు కూడా లెక్క తప్పుతుంది. డిజైనర్ ఏ ఇంజను రాశాడో అదే.

రిటైర్డ్ ఏఎంఈ:
ఫిట్టర్ గారు చెప్పిందానికి నాది కూడా సంతకం.

మౌలాలి:
చిన్న సలహాలు రెండు. ఒకటి, రిబ్ టెంప్లేట్లు ఫుల్ సైజులో ప్రింట్ తీయిస్తే స్టీల్ స్కేలుతో రెండు వైపులా కొలుచుకోండి. జెరాక్స్ మెషిన్ ఒక దిక్కున ఒక శాతం సాగదీసినా మీటరుకి పది మి.మీ. తేడా. వానాకాలంలో కాగితమే సాగుతుంది. డ్రాయింగులో అంకెలు ఉంటే అంకెలే నమ్మండి, గీత కాదు. రెండు, షెడ్డు గేటు వెడల్పు కొలవండి. రెక్క బయటికి రావాలి కదా.

లలిత ఏరో:
అందరూ కట్టడం గురించే మాట్లాడుతున్నారు. ఎగరడం వచ్చా? లైసెన్సుకి కనీసం 40 గంటల ఫ్లయింగ్ కావాలి, దానికీ డబ్బు కావాలి. చాలామంది పదేళ్లు కట్టి, విమానం పూర్తయ్యేసరికి సీట్లో కూర్చునే నమ్మకం లేక అమ్మేసుకుంటారు. ఇంకో మాట, మన ఊరి చుట్టూ ఆకాశం ఖాళీగా లేదు. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్, అన్నీ పక్కపక్కనే. కీసర నుంచి టేకాఫ్ కల పక్కన పెట్టి, విమానాన్ని ఏ రన్‌వేకి తీసుకెళ్లాలో ఇప్పుడే ఆలోచించండి. రెక్కలు విప్పి ట్రక్కులో ఎక్కించే డిజైనే తీసుకోండి.

నాకు డ్రాయింగుల పని మీద అంత మోజు లేదు, నిజం చెప్పాలంటే. మధ్య దారి ఒకటుంది. కొన్ని డిజైన్లలో స్పార్లు, వెల్డింగ్ చేసిన ఫిట్టింగులు విడిగా అమ్ముతారు. ప్రాణం ఆధారపడే ముక్కలు కొని, మిగతావి చేసుకోవచ్చు.

సాగర్ రోడ్:
లలిత గారి మధ్య దారికి నా ఓటు. పైపు ఫ్రేమ్ ఉన్న డిజైన్ అయితే 4130 స్టీలు పైపు టిగ్ వెల్డింగ్ మరీ జాగ్రత్త. గేట్లు, గ్రిల్స్ అద్భుతంగా చేసే వెల్డర్ ఈ పల్చటి పైపుని కాల్చేస్తాడు. ముందు తుక్కు ముక్కలు అతికించి, కోసి, వంచి చూడాలి.

కీసర షెడ్:
అందరి మాటలూ విని ఇలా అనుకుంటున్నాను. డీజీసీఏకి ఉత్తరం ఈ వారమే. జవాబు వచ్చేదాకా అల్యూమినియం డిజైన్‌లో తోక మీద కదిలే రడ్డర్ ఒక్కటే చేస్తాను, సర్టిఫికెట్ ఉన్న షీటుతో. అది ఏఎంఈ సర్‌కి చూపిస్తాను, ఆయన ఒప్పుకుంటే. జిప్సీ ఇంజను ఆలోచన మానేశాను. ఫ్లయింగ్ క్లాసులకి కూడా కనుక్కుంటాను లలిత గారూ.

షీటు బయటి నుంచి తెప్పిస్తే పెట్టె ఖర్చే ఎక్కువ అవుతోంది. 6061-టీ6, 0.025 అంగుళాలది ఇంకెవరికైనా కావాలా? కలిపి తెప్పించుకుంటే షిప్పింగ్ పంచుకోవచ్చు.

మౌలాలి:
నాకు రెండు షీట్లు. 0.016ది కూడా వస్తే ఒకటి. చుట్టగా కాకుండా చదునుగా ప్యాక్ చేయమని చెప్పండి.

రిటైర్డ్ ఏఎంఈ:
రడ్డర్ తీసుకురా బాబూ. లోపలి వైపు ప్రైమర్ వేసి ఉండాలి, ఒక వైపు స్కిన్ (పై రేకు) రివెట్ చేయకుండా వదిలెయ్. ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను.